గోడ ఎనుక నిలిచిన నీళ్ళు

నీళ్ళ తొవ్వకు అడ్డం గోడ కట్టినోళ్ళు మీరు. చెరువు నిండి మత్తడి పొర్లితే నీళ్ళు పోయే కాలువల సున్నం గీతలు గీసి, రంగుల గుడారం ఏసి, కూల్‌డ్రింకులు తాపిచ్చి ప్లాట్లు అమ్ముకున్నోళ్ళు మీరు. కండ్లు మూసుకోని సంతకం పెట్టిన ఆఫీసరు, రిబ్బన్ కత్తిరిచ్చిన లీడరు, రోగుల పేరు చెప్పి గదే కాలువల ధర్మదవాఖానకు జాగ రాయించుకున్న చైర్మన్ సారు, అందరు మీలనే ఉన్నరు. వానను తిట్టకుండ్రి. నీళ్ళు తాతలనాటి సంది పోయే తొవ్వలనే పోయినయి. అడ్డమొచ్చింది మీరు. మీరు అడ్డమొచ్చిన దానికి ఇయ్యాల నా నోట్లె నాలికె సగమే ఉన్నది.

సగం నాలికెతోటి మాట్లాడితే ఎవ్వరికి సమజ్ గాదు. అందుకే రాస్తున్న. నున్నగ రాయ నాకు రాదు, నేర్చుకునే ఓపిక సుత లేదు. బడి మొకం చూసినదాన్ని గాదు. యూనియన్ కరపత్రాలు కూడబలుక్కుంట అచ్చరాలు నేర్చిన. నా రాత సుత కరపత్రం లెక్కనే ఉంటది.

నా పేరు దుర్గాబాయి. బీడీలు చేస్త. దుబ్బాక దిక్కు బీడీ కార్ఖానాలల్ల దుర్గక్క అంటె సేట్లు కుర్చీల సర్దుకోని కూసుంటుండ్రి. ఇది రెండువేల సంవత్సరం శ్రావణం ఆఖరుకెళ్ళి బతుకమ్మ దాకా, మేడ్చల్‌కు శామీర్‌పేటకు నడుమ, నాది గాని ఊర్ల నేను ఒక్కదాన్ని ఎల్లదీసిన వానకాలం.

నాలికె కుడి అంచుకు పుండయింది. బీడీ చేసేటోళ్ళకు పొద్దంత తంబాకు గాలే బువ్వ. దాని మీదికెళ్ళి, ఆకలి సంపుతదని దవుడకు ఇంత తంబాకు పెట్టుకునే అలవాటు నాకు. పుండు మానలే. చూపిచ్చుకుంటె క్యాన్సర్ అన్నరు. ధర్మదవాఖాన ఒకటి ఉన్నది, ఆడ కోసి బాగు చేస్తరు పో అన్నరు.

సంఘంల ఎవ్వలకు చెప్పలే. ఎట్ల చెప్పాలె? ఆ నెలనే సేట్ల తోటి రేటు మాట్లాడే మీటింగు ఉన్నది. ముచ్చట బయట పడితే "మీ దుర్గక్క నాలికెకు పురుగులు పట్టినయట, మమ్ముల తిట్టిన తిట్లకే" అని నవ్వుతరు. నవ్విండ్రంటె మావోళ్ళ నడుము ఇరుగుతది. "పన్ను నొప్పి, పట్నంల పీకిచ్చుకోని వస్త" అని చెప్పి బస్సెక్కిన. మా ఆయన బాలనర్సయ్య భీవండిల మరమగ్గాల మీద ఉంటడు. ఆయనకు సుత చెప్పలే. చెప్తే పని ఇడిసిపెట్టి ఉరికొస్తడు. వచ్చి ఏం జేస్తడు, నా మంచం పట్టెకు కూసోని ఏడుస్తడు. ఏడ్చే మొగోన్ని ఊకుంచే ఓపిక నాకు లేకుండె.

దవాఖానల జనార్ధన్ అని పడుచు డాక్టరు. టార్చిలైటు కొట్టి చూసిండు.

"అంచునే ఉందమ్మా. ఇంత ముక్క తీసి కుట్టేస్తాం," అని చిటికెన వేలి గోరు చూపిచ్చిండు. "కొన్నాళ్ళు మాట మొద్దుగా వస్తుంది. తర్వాత సర్దుకుంటుంది."

"మైకుల మాట్లాడొస్తదా సారూ?"

"మైకులోనా? ఏం మాట్లాడతారు?"

"తిడ్త."

"ఎవర్ని?"

"మీ చైర్మన్ సారు లాంటోళ్ళను."

పక్కకు నిలవడ్డ సుచిత్ర సిస్టరు మొకం గోడకు తిప్పుకోని నవ్వింది. డాక్టరు సుత నవ్విండు. "తిట్టొచ్చులెండి. ఆలస్యం కాకుండా వచ్చారు కాబట్టి తిట్టొచ్చు."

నాకు గా ఒక్క మాట చాలు. నా తానికి పొలం లేదు, బంగారం లేదు. నాకున్న ఆస్తి నోరే. శ్రావణ శుక్రవారం నాడు ఆపరేషన్ అన్నరు.

శుక్రవారానికి ముందే వాన దిగింది. అది వాన గాదు, ఆకాశం అడుగు ఊడినట్టు కురిసింది. తెల్లారి లేచి చూస్తె కింది వార్డుల మోకాలు మంటి నీళ్ళు. చెప్పులు, సెలైన్ సీసలు, ఎవరిదో టిఫిన్ డబ్బా, అన్ని మంచాల కింద ఈతకొడుతున్నయి. ఆపరేషన్ గది కింది అంతస్తులనే, ఎనుక పల్లం దిక్కు కట్టిండ్రు, జనరేటర్ దాని పక్కకే. రెండు సుత నడుముల దాకా మునిగినయి. ఒక ఆయమ్మ కొంగు నడుముకు చెక్కుకోని, లేవరానోళ్ళను ఈపు మీద ఏసుకోని మెట్లెక్కుతాంది. నేనూ పోయి ఒక ముసలామెను రెక్కల కింద పట్టిన.

"తుమ్ భీ మరీజ్ హైనా? ఎందుకు మోస్తున్నవ్?" అన్నదా ఆయమ్మ.

"నాకు నోట్లె రోగం. చేతులు మంచిగనే ఉన్నయి."

"అచ్ఛా. అయితే కాళ్ళ దిక్కు పట్టు, ఆమె కాళ్ళే బరువు."

ఆమె పేరు కుల్సుమ్. గట్ల కలిసినం.

పట్నం మునిగిందని రేడియోల చెప్పవట్టిరి. పేట్ బషీరాబాద్ కాడ లారీలు తోవ పొంటి నిలవడ్డయి. దవాఖానోళ్ళు అందరిని ఇండ్లకు పొమ్మన్నరు. సుచిత్ర సిస్టరు ఒక్కొక్కల దగ్గరికి వచ్చి, "ఫోన్ నంబర్ ఇచ్చిపోండి, గది బాగుపడంగనే కబురు చేస్తం" అని అడుగుతాంది. నాకు ఇయ్యనీకె నంబరు లేదు. కార్ఖానా ఎదుర్గ కిరాణందుకాణం నంబరు ఒక్కటే నాకు తెలిసింది. ఆ నంబరుకు దవాఖానకెళ్ళి ఫోన్ పోయిందంటె పొద్దుమూకే వరకు ఊరంత తెలుస్తది. ఊరి తొవ్వ తెరుచుకున్నా నాకు తెరుచుకోలే. మూట చంకల పెట్టుకోని మెట్ల మీద కూసున్న.

డ్యూటీ దిగి పోయే కుల్సుమ్ ఆగింది. "ఏంది అక్కా, పోలే?"

"ఏడికి పోవాలె?"

ఆమె నా మొకం దిక్కు చూసింది. "చలో," అన్నది.

రోడ్డు పొంటి చుట్టు తిరిగి, రెండు మలుపులు మలిగి, ఒక పల్లపు వాడల ఆమె ఇల్లు. రెండు అర్రలు. పెనిమిటి షఫీయుద్దీన్ ద్రాక్షతోటల మాలి. ముందటర్రల ద్రాక్ష డబ్బాలు పేర్చి ఉంటె, వాటిని ఒక మూలకు జరిపి నాకు నులకమంచం ఏసిండు. "కారం తినవా? అయితే మాతోటి బతుకుడు కష్టమే అక్కా" అన్నడు. కుల్సుమ్ నాకోసం ఏరుగ పలుచగ జావ కాసేది.

వాళ్ళు మంచోళ్ళు. మంచోళ్ళ ఇంట్ల ఉన్నా పరాయి ఇల్లు పరాయి ఇల్లే. అటుదిక్కు మొగడు పెండ్లాం వాళ్ళ జబాన్‌ల గబగబ మాట్లాడుకోని నవ్వుతుంటె, ఇటు పరదా ఎనుక నేను. సగం సమజయ్యేది, సగం గాకపోయేది. నా బతుకుల గింత సప్పుడు లేకుండ నేనెప్పుడు లేను. కార్ఖానాల నలుగురు ఆడోళ్ళు చేటలు ముంగటేసుకోని కూసుంటె తిట్లు, పాటలు, కొట్లాటలు, చెవులు గళ్ళుమంటయి. ఈడ నన్ను తిట్టెటోళ్ళు సుత లేరు. చేతులు ఊకుండకపోవు. షఫీయుద్దీన్ తోటకెళ్ళి తెచ్చిన ద్రాక్షాకు గోటితోటి సాపు చేసి, నీళ్ళు జల్లి, బీడీ లెక్క చుట్టి మూతి మడిచేదాన్ని. పొద్దుగూకె వరకు కట్టలు కట్టలు అయ్యేటియి.

"పీతె క్యా అక్కా ఇవి?" అని కుల్సుమ్ ఒకటి మూతికి పెట్టుకోని ఉఫ్ అని ఊదింది.

"సేటుకు తాపిస్త," అన్న.

రోజు పొద్దున లేసి దవాఖాన మెట్ల మీదికి పోయేదాన్ని. "గది అయ్యిందా?" "కాలేదక్కా, నీళ్ళు దిగుతలేవు." గంతే. మళ్ళ చుట్టు తిరిగి వచ్చేదాన్ని. నా లెక్క పోకుండ ఉండిపోయిన ముసలాయన ఒకడుండె, పేరు ఇస్తారి, తూప్రాన్ దిక్కాయన. గొంతుల క్యాన్సర్. తువ్వాల మెడకు చుట్టుకోని మెట్ల మీద నాకు తోడు కూసునేటోడు.

"నీకు నోరెక్కువ గనక నోటికి వచ్చింది," అన్నడొకనాడు బొంగురు గొంతుతోటి. "నాకేం ఎక్కువుండె అని గొంతుకు వచ్చిందో."

"కల్లు."

ఆయన నవ్వబోయి దగ్గుకుంట తల కొట్టుకున్నడు. "నిజమే పిల్లా. అది జెర ఎక్కువనే ఉండె."

ఒకనాడు మూట సర్దుకున్నడు. "ఎదురుచూసుడే గద. ఇంటికాడ మంచంల పండుకోని చూస్త" అని పోయిండు. తర్వాత మెట్ల మీద నేనొక్కదాన్నే.

పట్నంల పెద్ద దవాఖానకు సుత పోయొచ్చిన. ఊరుగాని ఊరంత ఆడికే వచ్చింది, వరండల కాలు పెట్టనీకె జాగ లేదు. కాయితాలు చూసిన ఆయన మంచిగనే చెప్పిండు: "మా దగ్గర కొత్తగా పరీక్షలన్నీ చేయాలమ్మా. వంతు దీపావళి తర్వాతే." నా కాయితాలు కాయితాలు గావట! ఒక దవాఖాన మునిగితే దాంట్ల ఉన్న రోగి మళ్ళ వరుస తోకకు పోవాలెనట. ఇదేం రూలని అడిగిన. ఆయన నా ఎనుకున్నాయనను పిలిచిండు.

మేడ్చల్ బస్‌స్టాండు కాడ ఎస్టీడీ డబ్బా ఉండె. కిరాణానికి ఫోన్ చేసి తారాబాయిని పిలిపిచ్చుకున్న. తారాబాయి నా పక్క చేటనే, నేను జిందాబాద్ అనుడెప్పుడు, అది చెయ్యెత్తుడెప్పుడు. నలుగురిల నోరు తెరిచింది మాత్రం లేదు.

"అక్కా, ఏడ సచ్చినవే? పన్ను పీకుటానికి ఇన్ని దినాలా? నీ నోట్లె ఎన్ని పండ్లున్నయే తల్లీ?"

"వాచింది. వాపు దిగినంక పీకుతరట."

"మాట మెత్తగొస్తాందేంది?"

"పన్ను గద."

"మీటింగు దగ్గరికొచ్చింది. సేట్లు నువ్వు లేవని కుశీగున్నరు. ఎప్పుడొస్తవ్?"

"వస్త."

"ఎప్పుడే?"

ఫోన్ పెట్టేసిన. డబ్బాకెళ్ళి బయటికొచ్చినంక ఎటు పోవాలెనో కొద్దిసేపు తెల్వలే. ఏదో బస్సాగింది, ఎక్కిన. శామీర్‌పేట చెరువు కాడ అందరు దిగుతున్నరని నేనూ దిగిన. ఆదివారం. చెరువు నిండి పొర్లుతాందని పట్నపోళ్ళు కార్లేసుకోని చూడొచ్చిండ్రు. కట్ట పొంటి బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తున్నరు, నిమ్మకాయ కారం రాసి ఇస్తున్నరు. పిల్లలు ఎగురుతున్నరు, ఫోటోలు దిగుతున్నరు. ఎంత సక్కగున్నదో అనవట్టిరి. సక్కగనే ఉండె, అబద్ధమెందుకు. కంకి కొనుక్కున్న. కారం వద్దన్న. ఒక్క గింజ నోట్లేసుకున్న, పుండుకు తగిలి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. కంకి చేతుల పట్టుకోని అది సల్లారే వరకు ఆడనే కూసున్న. ఆ జనంల నన్ను పేరు పెట్టి పిలిచేటోడు ఒక్కడు లేడు.

అద్దంల చూసుకుంటె పుండు ఇప్పుడు గోరంత గాదు, గోరును దాటి పెరిగింది.

నీళ్ళెందుకు దిగుతలేవో నా కండ్లతోటి చూద్దామని ఒకనాడు దవాఖాన ఎనుకకు పోయిన. పోయినంక నెత్తికెక్కింది నాకు. మత్తడి నీళ్ళు ముందటికెళ్ళి దవాఖాన జాగలకు వస్తున్నయి. ఎనుక నిలువెత్తు కాంపౌండు గోడ. నీళ్ళు గోడకు తలిగి, నాచు పట్టి, కుంట లెక్క నిలిచినయి. ఆ కుంటల దవాఖాన నిలవడ్డది. ఒక చిన్న ఇంజను పెట్టి రోడ్డు దిక్కు తోడుతున్నరు. పొద్దంత తోడింది ఒక జల్లు పడితే మళ్ళ నిండుతాంది.

జనార్ధన్ డాక్టరు వరండల కనవడితే పట్టుకున్న. "సారూ, ఆ గోడకింత బొక్క కొడితె ఒక్క పూటల ఖాళీ గాదా?"

"అవుతుంది."

"మరి?"

"చైర్మన్ గారు ఒప్పుకోవట్లేదు." ఆయన గొంతు తగ్గిచ్చిండు. "కొడితే అది కాలువేనని మనమే ఒప్పుకున్నట్టవుతుందట. రేపు జాగా పోతుందంటున్నారు."

"జాగ పోతదా? నా నాలికె పోతాంది!"

"నేను చెప్పానమ్మా. రెండుసార్లు చెప్పాను."

చెప్పుడు! చెప్పుడు డాక్టర్ల పని. చేసుడు నా పని. ఊర్ల మీదివాడల నీళ్ళెక్కి గోడలు చెమ్మ పట్టిన ఇండ్లోళ్ళున్నరు. మళ్ళ మళ్ళ వచ్చి పోతున్న రోగుల తమ్ముళ్ళు, అల్లుండ్లున్నరు. ఇంటింటికి తిరిగిన. నాకు వచ్చిన పని గదొక్కటే. "గడ్డపారలు తెండ్రి. చైర్మన్ అడిగితే నా పేరు చెప్పుండ్రి. క్యాన్సర్ దాన్ని జైల్ల ఏస్తె ఏసుకోనీ, ఆడ మందులన్న ఇస్తరు." నవ్విండ్రు. వస్తమన్నరు. ఇన్ని దినాల తర్వాత నా ఒంట్లకు పాణమొచ్చినట్టయింది. కుల్సుమ్‌కు సుత చెప్పిన, రేపు గోడ పడ్తదని. ఆమె జావ గిన్నె నా ముంగట పెట్టి, "అచ్ఛా అక్కా," అన్నది. గంతే అన్నది.

తెల్లారి ముప్పై మంది దాక వచ్చిండ్రు. బాలరాజు అని మీదివాడ పిల్లగాడు, పెండ్లయి ఇద్దరు బిడ్డల తండ్రి, పెద్ద గడ్డపార భుజాన ఏసుకోని ముందట నిలవడ్డడు. నేను చెయ్యి లేపిన.

"అడ్డుగోడ!"

"కూలాలె!"

నోట్లె ఉప్పగ తగిలింది, నెత్తురు. మింగి మళ్ళ అన్న. మళ్ళ అందరు అందుకున్నరు. ఆ సప్పుడు ఎంత తియ్యగుంటదో దాని రుచి తెలిసినోళ్ళకే తెలుస్తది.

నినాదానికి నినాదానికి నడుమ గోడ అవుతల గిన్నెల సప్పుడు ఇనవడ్డది. ఎవలో సామాను జరుపుతున్నట్టు. ఇటుకల కుప్ప ఉంటె ఎక్కి గోడ మీదికెళ్ళి తొంగి చూసిన.

కుల్సుమ్ వాడ అది. రోజు రోడ్డు పొంటి చుట్టు తిరిగి, మలుపులు మలిగి పోయేదాన్ని గద, గోడకు అవుతల దిక్కు వాళ్ళ వాడనే ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు. పల్లంల చిన్నచిన్న ఇండ్లు. కుల్సుమ్ నెత్తి మీద ఇనుపపెట్టె పెట్టుకోని వాకిట్లకెళ్ళి ఎత్తు దిక్కుకు పోతాంది. షఫీయుద్దీన్ ద్రాక్ష డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద మంచమెక్కిస్తున్నడు. మంచం మీద అన్నిటికన్న పైన నా బట్టల మూట.

"కుల్సుమ్! ఏం చేస్తున్నవ్?"

ఆమె పెట్టె దించకుండనే మెడ తిప్పింది. "సామాన్ తీస్తున్న అక్కా. ఆప్ తోడో, మీరు గోడ కొట్టుండ్రి. బస్, ఇంకొక్క పెట్టె ఉన్నది."

"నీళ్ళు మీ ఇండ్ల మీదికే వస్తయా?"

"ఇంకెటు పోతయి దుర్గక్కా?" షఫీయుద్దీన్ చెయ్యి అడ్డం పెట్టుకోని నా దిక్కు చూసిండు. "కింద ప్లాట్లోళ్ళు కాలువ నింప మట్టి పోసిరి. కాలువ తెరవాలంటె తోకకాడికెళ్ళి తోడుకుంట మీదికి రావాలె. తలకాడ కొడితె నడుమ ఉన్నోడు మునుగుతడు. తోటకు నీళ్ళు కట్టే ఎవలనైనా అడుగు."

నేను బీడీలు చేసేదాన్ని. నీళ్ళు కట్టినదాన్ని గాదు.

"నిన్న ఎందుకు చెప్పకపోయినవ్ కుల్సుమ్?"

ఆమె పెట్టె దించింది. కొంగుతోటి మొకం తుడుచుకున్నది.

"నీ నాలికె గద అక్కా," అన్నది. "నేను నక్కో, వద్దు అని ఎట్ల అంట?"

ఇటుకల మీదికెళ్ళి దిగిన. బాలరాజు గడ్డపార రెండు చేతులల్ల పట్టుకోని ఉన్నడు. "చెప్పు అక్కా, ఏడ కొట్టాలె?"

"ఇయ్యాల వద్దు."

"అంటె?"

"అంటె వద్దు. ఇండ్లకు పోండ్రి."

తిట్టిండ్రు. పని ఎగ్గొట్టి వచ్చినోళ్ళు తిట్టకుంటె ఏం చేస్తరు. "పొద్దంత ఒర్రిపిచ్చి గిదేనా నీ లీడర్‌గిరి?" అన్నడొకడు. "చైర్మన్ ఏమన్న ముట్టజెప్పిండేమో," అన్నడింకొకడు. గోడ అవుతల ఎవలుంటరో చెప్పిన. కొందరు ఇన్నరు, కొందరు ఇనకుండనే పోయిండ్రు. ఆ మాట పడుడు నాకు అలవాటే. చుట్టు తిరిగి కుల్సుమ్ ఇంటికి పోయిన. పెట్టె ఒక కొస ఆమె పట్టింది, ఒక కొస నేను పట్టిన. మళ్ళ లోపట పెట్టినం. షఫీయుద్దీన్ మంచం దించి, నా మూట మంచం మీద పెట్టిండు.

తర్వాత ఇంజనే దిక్కు. అది దగ్గుకుంట తోడింది, ఆగింది, మళ్ళ తోడింది. కుండపోతలు తగ్గినయి. తంగేడు పూసింది. కుల్సుమ్ వాడకు అవుతల బీట్ల మీద ఆడపిల్లలు గునుగుపువ్వు ఏరవట్టిరి. ఎంగిలిపువ్వు బతుకమ్మ పోయినంక కబురొచ్చింది, గది తయారైందని.

జనార్ధన్ డాక్టరు టార్చి కొట్టి చూసిండు. చానసేపు చూసిండు. ఈసారి గోరు చూపియ్యలే.

"సగం తీయాల్సి వస్తుందమ్మా. మెడలో గడ్డలు కూడా. ప్రాణానికి భయం లేదు."

"మైకు?"

ఆయన టార్చి ఆర్పి జేబుల పెట్టుకున్నడు. సుచిత్ర సిస్టరు కిటికీ దిక్కు చూసింది. ఇద్దరు నవ్వలే.

మేడ్చల్‌కు పోయి ఫోన్ చేసిన. నేను నోరు తెరువకముందే తారాబాయి అందుకున్నది. "అక్కా! మీటింగు అయిపోయింది! నువ్వు రాకపోతివి, నేనే మాట్లాడిన. ముంగటి బల్ల పట్టుకోని నిలవడ్డనే. నువ్వు అనే మాటలే అన్న. అన్ని గాదు, యాదికున్నయి అన్న. రేటు పెంచుతమని ఒప్పుకున్నరు. అక్కా, ఇంటున్నవా?"

"మంచిది," అన్న. నిజంగనే మంచిది. మంచిదే గని, నేను లేకుండ సుత అయింది. డబ్బా అద్దానికి ఆనుకోని నిలవడ్డ. ఫోన్ మీటరుల ఎర్ర అంకెలు తిరుగుతున్నయి.

"పన్ను పీకిండ్రా?"

"పన్ను గాదు తారా. నాలికె."

అటుదిక్కు కిరాణంల తక్కెడ సప్పుడు, ఎవలో చక్కెర అడుగుతున్నరు. "ముండా, ఎందుకు చెప్పకపోతివే," అన్నది తారాబాయి. ఆడికి వచ్చుడు ఎట్ల అని అడిగింది. తెల్లారే ఆపరేషన్ అని చెప్పిన.

తెల్లారి గదిలకు నడుసుకుంటనే పోయిన. కుల్సుమ్‌కు ఆనాడు మీది వార్డుల డ్యూటీ. గది గోడలకు కొత్త సున్నం, దాని కింద నీళ్ళు నిలిచిన గీత ఇంకా కనవడుతనే ఉన్నది. బల్ల మీద పండుకున్నంక మైకం ఇచ్చేటాయన అడిగిండు, "పేరు?"

"దుర్గాబాయి."

నా పూర నాలికెతోటి నేనన్న ఆఖరి మాట నా పేరే. ఆయన అప్పటికే అవుతలికి తిరిగి రబ్బరు తొడుగులు తొడుక్కుంటున్నడు.

ఇప్పుడు ఇంటికాడనే ఉన్న. బీడీలు చేస్త. మాట్లాడితే కొత్తోళ్ళు "ఆఁ?" అంటరు, తారాబాయి నా మొకం చూసి నేనేమన్ననో వాళ్ళకు చెప్తది. బాలనర్సయ్య భీవండికెళ్ళి వచ్చి, నేననుకున్నట్టే మంచం పట్టెకు కూసోని ఏడ్చిండు. ఊకుంచిన. ఇస్తారి ముచ్చట సుచిత్ర సిస్టరును అడిగిన. ఆయనకు కబురు పంపితె అప్పటికే మనిషి లేడట.

ఎండలు ముదురుతున్నయి. శామీర్‌పేట కట్ట మీద కంకులు కాల్చేటోళ్ళు ఇంకేదో బేరం చేసుకుంటుంటరు. మీరు సుత మరిచిపోయింటరు. మళ్ళ ఆ కాలువల ప్లాట్లు అమ్ముతున్నరని, గుడారం మళ్ళ లేచిందని షఫీయుద్దీన్ కబురు చేసిండు. అందుకే ఇగ మర్యాద లేదు. ఇనుండ్రి.

ఈ ఎండకాలంలనే కాలువ తెరువుండ్రి. తలకాడ గాదు, తోకకాడికెళ్ళి మొదలుపెట్టుండ్రి. కాలువ పోయి కలిసే కింది చెరువు మూతికాడ మీరు పోసిన మట్టి మీరే ఎత్తుండ్రి. హద్దురాళ్ళు మీరే పీకుండ్రి. కొన్నోళ్ళ పైసలు కొన్నోళ్ళకు ఇయ్యుండ్రి, వాళ్ళ ఉసురు మీకెందుకు. పల్లపు వాడల ఒక్క గడప తడవకుండ దాటుకుంట మీదికి రాండ్రి. వానకు దవాఖాన మునిగితే దాని రోగిని ఇంకో దవాఖాన అదే కాయితం మీద, అదే వంతుల తీసుకోవాలె, వరుస తోకకు తోలొద్దు. ఆపరేషన్ గదిని మీది అంతస్తుకు ఎక్కియ్యుండ్రి. ఇవన్ని అయినంక గోడ కాడికి రాండ్రి. అప్పుడు కొట్టాలె దాన్ని, అంతకు ఒక్క దినం ముందు గాదు.

నేనొస్త. గడ్డపార బాలరాజు తెస్తడు. మొదటి దెబ్బ కుల్సుమ్‌ను కొట్టనియ్యుండ్రి. మృగశిర వాన పడకముందే.